సల్మె బండి

మూత తిప్పితే పెట్రోలు వాసన రాలేదు,
పాత వార్నిషు వాసన వచ్చింది.
ఇరవై ఆరేళ్ళు నోరు మూసుకున్న బండి మరి.
టార్చి వేసి చూశాను.
లోపలంతా తుప్పు,
ఎండుచేప పొలుసుల్లా రేకులు రేకులుగా.
వేలు పెట్టి తీస్తే
గోటి సందులోకి కూడా ఎక్కింది ఎరుపు.

"పారెయ్యి, కొత్తది పోలండులో దొరుకుతుంది"
అన్నాడు తమ్ముడు యాన్నో.
పడవకి బిగించని ఇంజను
వాడి లెక్కలో ఇంజనే కాదు.
పారేయడం కిహ్నులో ఎవరికి వచ్చు?
ఈ దీవికి మేకు కూడా ఓడెక్కే వస్తుంది,
వచ్చిన మేకు తిరిగి వెళ్ళదు.

మగాళ్ళు సముద్రం మీదుండే నెలల్లో
దీవంతా ఆడవాళ్ళ బండ్ల చప్పుడే.
చారల లంగా మడిచి తొడ కింద అదిమి
సల్మె ఈ ఇజ్ బండి మీదే ఉత్తరాలు పంచేది.
సైడ్‌కార్‌లో ఒకసారి కుంటిగొర్రెని తెచ్చింది,
ఒకసారి నొప్పులు పడుతున్న మా అమ్మని.
ఆ రెండోసారి
నేనూ ఉన్నాను, టిక్కెట్టు లేకుండా.

ట్యాంకు విప్పాను. కుళాయి విప్పాను.
ఒడ్డు నుంచి రెండు దోసిళ్ళ గులకరాళ్ళు,
తెగిన సైకిలు గొలుసు ఒకటి
లోపల వేసి, దుప్పటి చుట్టి
ఒళ్ళో పెట్టుకుని ఊపాను.
ఇటు ఊపితే అల వచ్చిన చప్పుడు,
అటు ఊపితే వెనక్కి పోయిన చప్పుడు.
హెల్యు కిటికీ తెరిచి
"ఎవరి బిడ్డ? పాలు పట్టావా?" అనడిగింది.

తర్వాత వెనిగర్.
దుకాణంలో ఉన్న సీసాలన్నీ నేనే కొన్నాను.
కీరాలు ఊరబెట్టే కాలం అది.
వరసలో వెనక నిలబడ్డవాళ్ళు
నన్ను చూసిన చూపుకి
తుప్పు దానంతటదే రాలాల్సింది.
నాలుగు రోజులు నానింది.
వంపితే మొదట కషాయం,
తర్వాత చిక్కటి టీ, పల్చటి టీ.
పులుపు విరగడానికి
సోడా కలిపిన వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాను.
టార్చి వెలుగులో ఇనుము
తన అసలు రంగులో కనబడింది,
మబ్బు పట్టిన సముద్రం రంగు.
గర్వపడ్డాను, అబద్ధం ఎందుకు?

బల్ల మీద ఒక చుక్క.
తుడిచాను.
ఇంకో చుక్క.

తిరగేసి చూస్తే అడుగున,
ఫ్రేము ఆనే గాడి పక్కన
సూదిమొనంత చిల్లు.
చుట్టూ తెల్లగా, జారుడుగా ఏదో.
గీరి వాసన చూశాను.
బట్టల సబ్బు.

పెట్రోలు సబ్బుని కరిగించలేదు,
నీళ్ళు కరిగిస్తాయి.
ఆమెకి ఎవరు చెప్పారో ఈ సంగతి!
ఏ జనవరిలోనో
గడ్డకట్టిన సముద్రం మీది దారిలో ఆగి
చేతితొడుగు పళ్ళతో లాగి
మంచు మీద వెల్లకిలా పడుకుని
కింద నుంచి రుద్ది ఉంటుంది.
ఆ రోజు ఉత్తరాలు ఆలస్యమైతే
ఎవరో ఒకరు విసుక్కునే ఉంటారు.
సబ్బు సంగతి ఆమె చెప్పలేదు.
మేం బండిని చూశాం,
బండి కింద ఎవరం చూశాం?
ఇన్నాళ్ళు పట్టి ఉంచినదాన్ని
నా శుభ్రం ఒక్క పూటలో కడిగేసింది.

మంట దగ్గరికి రానివ్వలేదు.
నిండు ట్యాంకు కన్నా ఖాళీదానికే కోపం ఎక్కువ.
మళ్ళీ నీళ్ళతో నింపి, వంచి, ఆరబెట్టి
కాలిన కడ్డీతో తగరం కరిగించి
బొట్టంత చుక్క పెట్టాను.
వంకరగా వచ్చింది. గీరి మళ్ళీ పెట్టాను.
అదీ వంకరే. ఉండనీ.

నిన్న ఐదు లీటర్లు పోసి
కింద అట్టముక్క పరిచి పడుకున్నాను.
రాత్రి రెండుసార్లు లేచి తడిమి చూశాను.
పొద్దునకీ పొడిగానే ఉంది.

ఇవాళ సైడ్‌కార్ సీటు కింద
పానాల పక్కన, గుడ్డలో చుట్టి
ఒక సబ్బు బిళ్ళ పెట్టాను.
"ఇదెందుకు?" అన్నాడు యాన్నో.

చేతులు కడుక్కోడానికి, అన్నాను.